నాలుగో నిద్ర

డాసన్ ఊరు దాటి కంకర రోడ్డు ఎక్కగానే సత్యవేణి బండి వేగం తగ్గించింది. ఆ దారి సంగతి ఆమెకు బాగా తెలుసు. రోడ్డు మీద పరిచిన రాళ్ళు కత్తుల్లా ఉంటాయి. తొందరపడితే టైరు చీలుతుంది. చీలితే అటుగా ఇంకో బండి ఎప్పుడు వస్తుందో చెప్పలేం. కెనడా ఉత్తరపు కొసన యూకాన్ అనే ప్రాంతం అది. పోయే కొద్దీ అడవి పలచబడి, చెట్లు మనిషి ఎత్తుకూ, ఆ తర్వాత మోకాలి ఎత్తుకూ దిగిపోయి, ఆఖరికి నాచూ పొదలూ మాత్రమే మిగులుతాయి. సెప్టెంబరు మొదట్లో ఆ నేలంతా కుంకుమ ఆరబోసినట్టు ఎర్రగా ఉంటుంది. ఊరు లేదు, పొలం లేదు, కరెంటు స్తంభం లేదు.

పక్క సీట్లో ఆమె భర్త భానోజీ కూర్చున్నాడు. నడుముకూ ఛాతీకీ బెల్టులు కడితే గాని కూర్చోలేడు. చేతులు రెండూ ఒళ్ళో మెత్తటి గుడ్డ మీద పెట్టుకుని, కిటికీలోంచి కొండల్ని చూస్తున్నాడు. వెనక మోటార్‌హోమ్ లోపల గిన్నెలు సన్నగా మోగుతున్నాయి. ఒక మంచం, గ్యాసు పొయ్యి, మడిచి పెట్టే బల్ల, అతని చక్రాల కుర్చీ. మూడేళ్ళుగా వాళ్ళ ఇల్లు అదే.

ప్రతి సెప్టెంబరులోనూ వాళ్ళు ఇలా ఉత్తరానికి వస్తారు. కొండల మధ్యనున్న పరిశోధన కేంద్రంలో భానోజీ శీతాకాలమంతా నిద్రపోతాడు. మే నెలలో లేస్తాడు. లేచిన ఒంటికి ఎండ పడదు. సొంతూరు పిఠాపురం ఎండలో అయితే ఆ ఒళ్ళు ఒక్క రోజు కూడా నిలవదు. అందుకే వేసవిలో కూడా ఆ చలిదేశంలోనే, చెరువుల పక్కన, నదుల ఒడ్డున బండి ఆపుకుంటూ కాలం గడుపుతారు. ఇప్పుడు వెళ్ళేది నాలుగో నిద్రకు.

భానోజీ పిఠాపురం హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఒకరోజు నల్లబల్ల మీద భారతదేశం పటం గీస్తూ, గుజరాత్ దగ్గర వంపు తిప్పలేక ఆగిపోయాడు. సుద్దముక్క వేళ్ళలోంచి జారిపోయింది. పిల్లలు నవ్వితే అతనూ నవ్వాడు. ఆ ఏడాది తిరక్కుండానే చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాడు. మెదడు నుంచి కండరాలకు వెళ్ళే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బని, మందు లేదని, ఎక్కువ కాలం ఉండడని విశాఖపట్నంలో డాక్టర్లు చెప్పారు.

అప్పుడు భానోజీ అక్క సుభాషిణి ఫోను చేసింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. డాక్టరు చదివి, జంతువుల శీతాకాలపు నిద్ర మీద పరిశోధన చేస్తూ యూకాన్‌లోనే ఉండిపోయింది. తమ్ముడు తన చేతుల్లో పెరిగిన వాడు. వాణ్ణి తీసుకుని వెంటనే రమ్మని మరదలితో చెప్పింది.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు సుభాషిణి సత్యవేణి అరచేతిలో ఒక నేల ఉడతను పెట్టింది. బంతిలా ముడుచుకుపోయిన ఆ జీవి మంచుగడ్డంత చల్లగా ఉంది. ఊపిరి ఆడుతున్నట్టే లేదు. చచ్చిపోయిందనుకుని సత్యవేణి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. చావలేదనీ, అది వసంతం దాకా అలాగే ఉండి అప్పుడు లేచి గింజలు తింటుందనీ వదిన చెప్పింది. ఆ ఉడత నెత్తురులోంచి నిద్రను రప్పించే పదార్థాన్ని సుభాషిణి వేరు చేసింది. మనిషికి పనికొచ్చేలా మార్చడానికి ఆమెకు సగం జీవితం పట్టింది. ఆ మందుతో మనిషి నిద్రపోయినన్నాళ్ళూ అతనిలోని జబ్బు కూడా నిద్రపోతుంది. ఈలోగా ఎవరైనా అసలు మందు కనిపెడితే తమ్ముడు బతుకుతాడు.

సుభాషిణి ఏమీ దాచలేదు. ఇంకో సంగతి కూడా వాళ్ళిద్దరికీ చూపించింది. పాలిచ్చే తల్లి ఉడతకు ఆ మందిచ్చి నిద్రపుచ్చి, కొన్నాళ్ళకు లేపారు. అది తన బొరియ గుర్తుపట్టింది. గింజలు ఎక్కడ దాచిందో గుర్తుపట్టింది. పిల్లలు కీచుమంటూ ఎదురొస్తే వాటిని వాసన చూసి, దాటుకుని వెళ్ళి గింజలు తినసాగింది. అవి ఎవరివో తెలుసన్నట్టు కరవలేదు, తరమలేదు. పాలు మాత్రం ఇవ్వలేదు. నిద్రలో మెదడులోని నరాల కొసలు ముడుచుకుపోయి, లేచాక మళ్ళీ చిగురిస్తాయనీ, అన్నీ చిగురించడం లేదేమోనని అనుమానంగా ఉందనీ సుభాషిణి చెప్పింది. మనుషుల్లో ఎలా ఉంటుందో తనకు తెలియదంది. భానోజీ ఒప్పుకున్నాడు. అప్పటికి అతనికి నలభై రెండేళ్ళు. బతకాలని గట్టిగా ఉండేది.

మొదటి నిద్ర నుంచి లేచినప్పుడు అందరూ సంతోషించారు. అతనికి అన్నీ గుర్తున్నాయి. క్లాసులో పిల్లల పేర్లు వరసగా చెప్పాడు. జబ్బు ఒక్క అంగుళం కూడా ముందుకు కదలలేదు. కాకపోతే, చనిపోయిన వాళ్ళమ్మ ఫొటో చూసి చీర రంగు బాగుందన్నాడు. ఆ ఫొటో ముందు కన్నీళ్ళు పెట్టుకోకుండా అతను నిలబడటం సత్యవేణి అంతకుముందు చూడలేదు.

రెండో నిద్ర తర్వాత జూన్ నెలలో వాళ్ళ పాప పుట్టినరోజు వచ్చింది. పేరు తారక. ఆరేళ్ళ వయసులో విషజ్వరంతో కాకినాడ ఆసుపత్రిలో పోయింది. ఏటా ఆ రోజున సత్యవేణి పరమాన్నం వండుతుంది. ఇద్దరూ రెండు చెంచాలు నోట్లో వేసుకుని, ఆ పూట ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గడుపుతారు. ఆ ఏడు భానోజీ గిన్నెడు పరమాన్నం పెట్టించుకుని తిని, యాలకులు సరిపోయాయన్నాడు. సత్యవేణి చెంచా పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పుడు అతను మొహం దించుకున్నాడు.

"నీకు అబద్ధం చెప్పలేను. తారక పుట్టడం, పెరగడం, జ్వరం రావడం, అన్నీ గుర్తున్నాయి. ఆసుపత్రిలో ఏ కిటికీ పక్కన మంచం వేశారో కూడా చెప్పగలను. కానీ ఎవరో చెబితే విన్నట్టుంది. నా కూతురు అనిపించట్లేదు" అన్నాడు.

సత్యవేణి గిన్నెలు తీసుకుని ఏటి ఒడ్డుకు వెళ్ళి, కడిగినవే మళ్ళీ కడిగింది. ఆ రోజు నుంచి తారక కోసం ఏడవడానికి తల్లి ఒక్కతే మిగిలింది.

మూడో నిద్ర తర్వాత ఆమె వంతు వచ్చింది. అతను ఆమెను గుర్తుపట్టాడు. పెళ్ళి ఏ ఊళ్ళో జరిగిందో, ఆమెకు ఏ కూర పడదో అన్నీ తెలుసు. ఎప్పుడూ 'సత్యా' అని పిలిచేవాడు, ఇప్పుడు 'సత్యవేణీ' అనసాగాడు. అన్నం పెడితే, స్నానం చేయిస్తే, పక్కకు తిప్పి పడుకోబెడితే, ప్రతిదానికీ థాంక్స్ చెప్పాడు. పద్ధతైన మనిషి కాబట్టి ఆమెను నొప్పించకూడదని ఎంతో జాగ్రత్తగా ఉండేవాడు. ఆసుపత్రిలో మంచి నర్సు దొరికితే రోగి ఎలా ఉంటాడో అలా ఉండేవాడు. అయినా మనిషి ఉన్నాడు, అదే చాలు అనుకుంది సత్యవేణి. పైకి అందరితోనూ అదే మాట అంది.

ఇప్పుడు ఆ కంకర రోడ్డు మీద, మధ్యాహ్నం దాటాక, ఆమె భయపడినట్టే వెనక టైరు చీలింది. బండి ఒక పక్కకు ఒరిగి ఆగింది. సత్యవేణి ముందు భానోజీని కుర్చీలోకి మార్చి, దుప్పటి కప్పి, రోడ్డు వారన ఎర్రటి నాచు మీద కూర్చోబెట్టింది. తర్వాత జాకీ తీసుకుని బండి కిందకు వంగింది. పెళ్ళయ్యే నాటికి ఆమెకు సైకిల్ తొక్కడం కూడా రాదు. ఈ దేశంలో ఈ పనులన్నీ తప్పనిసరై నేర్చుకుంది.

దూరంగా కొండ వాలు మీద కారిబూ దుప్పులు గుంపుగా దిగుతున్నాయి. గాలి లేదు. భానోజీ చాలాసేపు వాటినే చూసి, తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"సత్యా, ఈసారి నేను నిద్రపోను."

ఆమె స్పానరు వదల్లేదు. వదినతో చెప్పారా అని మాత్రం అడిగింది. ముందు నీకే చెబుతున్నానన్నాడు. మాట ముద్దగా వస్తోంది. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తోంది.

"ఈ వేసవిలో నాకో సంగతి జరిగింది. నవ్వకు. నువ్వంటే ఇష్టం కలిగింది. పాత ఇష్టం కాదు, అది పోయింది. ఇది ఈ బండిలోనే పుట్టింది. పొద్దున్నే నీకంటే ముందు మెలకువ వస్తోంది. నువ్వెప్పుడు లేస్తావా అని చూస్తూ పడుకుంటున్నాను. నువ్వు నీళ్ళు తేవడానికి ఏటికి వెళితే, వచ్చేదాకా బెంగగా ఉంటోంది. నిద్రపోతే ఇది కూడా పోతుంది."

సత్యవేణి లేచి నిలబడింది. చేతుల నిండా మసి. జూలైలో ఒకరోజు నూనె చింది తన చెయ్యి కాలినప్పుడు, అతను కంగారుగా సత్యా అని పిలవడం ఆమెకు గుర్తుంది. ఆ రోజు నుంచీ ఆమె ఆ సంగతి పైకి అనకుండా, అంటే ఎక్కడ చెదిరిపోతుందోనని, లోపల్లోపలే దాచుకుంటోంది. ఇప్పుడు అతనే చెప్పాడు. సంతోషపడాలో భయపడాలో ఆమెకు తోచలేదు.

"పోతే పోనీండి. మీరుంటారు కదా" అంది.

"ఉంటాను. ఎందుకు ఉండాలో తెలీకుండా ఉంటాను."

"ఆ నిద్ర మందు లేకపోతే వచ్చే ఏడు ఈపాటికి మీరుండరు."

"తెలుసు. ఈ వేసవిలో గడిచిన మూడు నెలలూ నాకు చాలు. నిజంగానే చాలు."

ఆమె మళ్ళీ వంగి నట్లు బిగించింది. చాలు అనడానికి ఆయనెవరని లోపల కోపం పొంగుతోంది. 

కేంద్రం అంటే కొండ కింద నాలుగు రేకుల ఇళ్ళు. వాటి వెనక నేలలోకి దిగే ఒక సొరంగం. అక్కడి నేల ఏ వేసవిలోనూ కరగదు. మూరెడు లోతు తవ్వితే రాయిలా గడ్డకట్టి ఉంటుంది. కరెంటు పోయినా చలి పోకుండా ఉండాలని నిద్ర గదిని అందులోనే తవ్వారు. సుభాషిణి గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. తమ్ముణ్ణి చూసి, జుట్టు చెరిపి, బువ్వ తిన్నావురా అని అడిగింది. ఆమె అతన్ని చిన్నప్పటి నుంచీ అలాగే పలకరిస్తుంది.

భోజనాల దగ్గర భానోజీ తన నిర్ణయం చెప్పాడు. సుభాషిణి మొహం తెల్లబోయింది. ఈ జబ్బుకే ఒక కొత్త మందును కెనడా దక్షిణాన రోగుల మీద పరీక్షిస్తున్నారనీ, శీతాకాలంలోనే ఫలితం తెలుస్తుందనీ, ఇంత దగ్గరకు వచ్చి ఆగిపోతే ఎలాగనీ అంది. అంతలోనే తనను తాను ఆపుకుంది. డాక్టరుగా తన మాట చెప్పాననీ, అక్కగా ఇంకేమీ చెప్పననీ, నిర్ణయం వాడిదేననీ అని, లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున సత్యవేణి బండిలో అతనికి గడ్డం గీస్తోంది. ఒక చెంప అయ్యాక కత్తి కింద పెట్టి, అతని కుర్చీ ముందు నేల మీద కూర్చుంది.

"తారకను ఆపడం నా చేతుల్లో లేకపోయింది. ఎంతమంది దేవుళ్ళకు మొక్కుకున్నానో మీకు తెలుసు. మిమ్మల్ని ఆపే దారి ఉంది. ఉండి కూడా వదిలేయమంటే నా వల్ల కాదండీ. నన్ను మర్చిపోండి. ఇంకోసారి మర్చిపోండి. ఇంట్లో మనిషిగా ఉండండి, చాలు. నేనింకేమీ అడగను" అంది. ఆ పైన మాట్లాడలేక అతని మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

అతను చెయ్యెత్తి ఆమె తల మీద వెయ్యలేడు.  మందు వస్తుందని అతనికి నమ్మకం లేదు. చావంటే భయం కూడా లేదు. కానీ ఆమె ఏడుస్తుంటే చూడటం అతని వల్ల కాలేదు. ఒక్క వేసవి ముందైతే చూసి ఊరుకోగలిగేవాడు.

"సరే" అన్నాడు. "లే. రెండో చెంప గియ్యి."

అతను ఎందుకు ఒప్పుకున్నాడో సత్యవేణికి అప్పుడే తెలుసు. తెలిసి కూడా లేచి కత్తి అందుకుంది.

నిద్ర గది గోడల నిండా సూదుల్లాంటి మంచు పలుకులు మెరుస్తుంటాయి. మధ్యలో గాజు మూత ఉన్న పొడుగాటి తొట్టి. సుభాషిణి నరంలోకి సూది దించి, తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసి నిలబడింది. భానోజీ సత్యవేణిని చూస్తూనే ఉన్నాడు. ఏదో అన్నాడు. ఆమె వంగి అతని నోటి దగ్గర చెవి పెట్టింది. తిరిగి వెళ్ళేటప్పుడు స్పేర్ టైరు ఇంకోటి కొనమంటున్నాడు. సరేనంది. అతని చెంపలు ముందు తెల్లబడి, తర్వాత మైనంలా అయ్యాయి. ఊపిరి నిమిషానికి ఒకటి చొప్పున, ఆ తర్వాత లెక్కకందనంత నెమ్మదిగా సాగింది. సుభాషిణి మూత వేసింది.

ఆ శీతాకాలం సత్యవేణి ఎప్పటిలాగే కేంద్రంలోనే ఉంది. అక్కడి వాళ్ళకు వంట చేసేది. రోజుకోసారి కోటు వేసుకుని సొరంగంలోకి దిగి, గాజు మీది మంచు తుడిచి అతన్ని చూసేది. అంతకుముందు మూడేళ్ళూ అలా చూసినప్పుడు ధైర్యంగా ఉండేది. ఈసారి అలా అనిపించలేదు. గాజు కింద నరాల కొసలు ముడుచుకుంటున్నాయి. ఏది ముడుచుకుంటోందో ఆమెకు తెలుసు. పొద్దున్నే మేలుకుని తన కోసం చూసిన ఆ చూపు ఇప్పుడు, ఈ వారమో వచ్చే వారమో, ఆగిపోతుంది. తనే కదా ఆపమన్నది.

జనవరిలో వార్త వచ్చింది. కొత్త మందు పనిచేయలేదు. పరీక్ష మధ్యలోనే ఆపేశారు. సుభాషిణి ఆ మాట చెప్పి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, సత్యవేణి తరుగుతున్న ఉల్లిపాయలు లాక్కుని తనే తరగడం మొదలుపెట్టింది. ఇంకో మందు వస్తుందని ఆమె అనలేదు. ఇప్పుడే లేపెయ్యమని సత్యవేణి బతిమాలింది. మధ్యలో లేపితే గుండె తట్టుకోదనీ, అదీగాక పోవలసింది మొదటి వారాల్లోనే పోతుందనీ సుభాషిణి తల ఎత్తకుండా చెప్పింది.

మే నెలలో భానోజీ లేచాడు. ఎప్పటిలాగే వణికాడు, ఎప్పటిలాగే నీళ్ళడిగాడు. మాట నిలబడ్డాక ఎదురుగా కూర్చున్న ఆమెను చూసి మర్యాదగా నవ్వాడు.

"సత్యవేణీ, కొంచెం సాయం చేస్తావా? ఒక విషయం అర్థం కావట్లేదు. టైరు మార్చిన రోజున నిద్రపోనని నీతో అన్నాను. ఏమన్నానో మాటతో సహా గుర్తుంది. మర్నాడు ఒప్పుకున్నాను. మధ్యలో ఏం జరిగింది?"

"నేను ఏడ్చాను" అంది సత్యవేణి.

 "అవును, ఏడ్చావు. గుర్తుంది. అయినా అందుకు ఒప్పుకోవడమేమిటి?"

సత్యవేణి గ్లాసు పట్టుకుని బయటికి వచ్చి, చీకటి పడేదాకా అనుకుని బండి మెట్టు మీద కూర్చుంది. ఆ ఉత్తరపు కొసన వేసవి రోజుల్లో చీకటే పడదు. కూర్చునే ఉంది.

ఆ వేసవిలో కూడా వాళ్ళు దక్షిణానికి దిగి చెరువుల పక్కన బండి ఆపుకున్నారు. ఆమె నీళ్ళకు వెళ్ళి వచ్చేటప్పుడు అతని మొహం చూసేది. కాలిన చెయ్యి మచ్చ కనబడేలా గాజులు పైకి తోసుకుని వడ్డించేది. జూలై గడిచింది, ఆగస్టు గడిచింది. అతను ప్రతి ముద్దకూ థాంక్స్ చెప్పాడు. అంతకుమించి ఏమీ మొలకెత్తలేదు. ఈలోగా మింగడం కష్టమైంది. మాట ఇంకా ముద్దయింది.

సెప్టెంబరు వచ్చింది. డాసన్ దగ్గర రోడ్డు రెండుగా చీలే చోట సత్యవేణి బండి ఆపింది. ఒక వైపు కంకర రోడ్డు, ఇంకో వైపు ఊరు. కొండల మీద అప్పుడే ఎరుపు తిరుగుతోంది. ఇంజిను ఆపేసి అతన్ని అడిగింది, ఏం చేద్దామని.

"నీ ఇష్టం" అన్నాడు. "నాకు రెండూ ఒకటే."

అతను అలిగి అన్నమాట కాదది. నిజంగానే ఒకటే. పోయినేడు అతనికి ఒక కారణం ఉండి, కాదన్నాడు. ఇప్పుడు ఔననడానికీ కాదనడానికీ అతని దగ్గర ఏమీ లేదు. మొత్తం నిర్ణయం ఆమె మీద పడింది. ఉత్తరానికి వెళితే మనిషి ఉంటాడు. ఇంకో ఏడు, ఆ పై ఏడు, ఆమె ముసలిదై బండి నడపలేనంత వరకూ ఏటా మంచులో పెట్టి ఏటా తీసుకోవచ్చు. ఏటా ఇంకాస్త ఖాళీ అయి లేస్తాడు. సత్యవేణి స్టీరింగు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. వెనక వచ్చిన లారీ హారను కొట్టి పక్కనుంచి వెళ్ళిపోయింది. చివరికి ఆమె బండిని ఊళ్ళోకి తిప్పింది.

నది ఒడ్డున చెక్కలతో కట్టిన చిన్న ఇల్లు అద్దెకు దొరికింది. మోటార్‌హోమ్‌ను దాని పక్కన నిలిపి, ఫోను చేసి వదినకు చెప్పింది. సుభాషిణి రెండో రోజుకల్లా వచ్చేసింది. సత్యవేణి తిట్లకు సిద్ధమై తలుపు తీసింది. సుభాషిణి కోటు కూడా విప్పకుండా తమ్ముడి మంచం మీద కూర్చుని, అతని పాదాలు ఒళ్ళోకి తీసుకుని రుద్దసాగింది.

"కిందటేడే వాడు వద్దంటే ఊరుకోవాల్సింది. నిర్ణయం వాడిదే అన్నాను గాని, నువ్వు వాణ్ణి ఒప్పిస్తే బాగుండునని తెల్లవార్లూ కోరుకున్నాను. నువ్వొక్కదానివే చేశావనుకోకు" అంది.

వెళ్ళేముందు ఇంకో మాట చెప్పింది. నిద్ర కోసం పేర్లు ఇచ్చిన మిగతా రోగులకు, ఏమేం పోతాయో విడమరిచి రాశానని, సొరంగం తలుపు మూయించానని. సగం జీవితం పెట్టి చేసిన పనిని ఆమె అలా రెండు ముక్కల్లో చెప్పి, తమ్ముడి జుట్టు చెరిపి, బండెక్కింది. ఆ తర్వాత మంచు పడని ప్రతి వారమూ వచ్చి పోయేది.

నది గడ్డకట్టింది. డిసెంబరుకు పగలు నాలుగైదు గంటలకు మించి లేకుండా పోయింది. భానోజీకి జావ తప్ప ఏదీ దిగడం లేదు. ఒకరోజు సత్యవేణి అతను కునుకు తీస్తున్నాడనుకుని, పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ, తనలో తను తారకతో ఏదో మాట్లాడుకుంటోంది. అది ఆమెకు ఎప్పటి నుంచో అలవాటు. తల తిప్పేసరికి అతను కళ్ళు తెరిచి వింటున్నాడు. ఆమె సిగ్గుపడి లేవబోయింది.

"కూర్చో" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయాసం వచ్చింది. తేరుకుని మళ్ళీ అన్నాడు. "ఏం జరిగిందో నాకు తెలుసు. ఎలా ఉండేదో తెలీదు. నీకు తెలుసుగా. చెప్పు."

సత్యవేణి అతని ముఖం వంక చూసింది. అది మర్యాద కోసం అడిగిన మాటలా లేదు. ఏ క్లాసులోనో తను వినకుండా వదిలేసిన పాఠం గురించి అడిగినట్టు, శ్రద్ధగా ఉన్నాడు.

ఆమె మంచం పక్కకు స్టూలు లాక్కుంది. తారక పుట్టిన రోజు కాకినాడలో తుపాను గాలి ఎలా వీచిందో, ఆసుపత్రి వరండాలో అతను తడిసిపోయి వచ్చి, పిల్లను ముట్టుకోవడానికి భయపడి చేతులు ఎలా వెనక్కి పెట్టుకున్నాడో చెప్పింది. తారక అతని జేబులోంచి సుద్దముక్కలు దొంగిలించి తినేదని చెప్పింది. వాన నీళ్ళ గుంటలకు సముద్రాల పేర్లు పెట్టి, అరేబియాలో దూకుతున్నా నాన్నా అంటూ దూకేదని, అతను గొడుగు పక్కన పడేసి తనూ దూకేవాడని చెప్పింది. అప్పుడు గుండె ఎలా నిండిపోయేదో, వాళ్ళిద్దరినీ చూస్తూ గుమ్మంలో నిలబడి తనేం అనుకునేదో చెప్పింది. జ్వరం దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అతను కళ్ళతోనే కానివ్వమన్నాడు. ఆ రోజులు కూడా చెప్పింది. ఆఖరి పూట పిల్ల వేళ్ళు ఎవరి చెయ్యి పట్టుకుని ఉన్నాయో, ఆ చెయ్యి విడిపించడానికి నర్సు ఎంతసేపు బతిమాలిందో చెప్పింది. ఆ చెయ్యి అతనిదే.

భానోజీ మొత్తం విన్నాడు. ఏడవలేదు. ఒళ్ళో పడి ఉన్న తన చేతుల వైపు చాలాసేపు చూసుకున్నాడు. ఆ పూటకు థాంక్స్ చెప్పలేదు.

మర్నాడు జావ తాగించి మూతి తుడుస్తుంటే మళ్ళీ చెప్పమన్నాడు. ఆ మర్నాడు కూడా అడిగాడు. కొన్నాళ్ళకు సత్యవేణి పని తెముల్చుకుని తనే స్టూలు లాక్కుని కూర్చునేది. గుంటల పేర్లు ఆమె తప్పుగా చెబితే అతను సరిదిద్దేవాడు. ఎలా ఉండేదన్నది మాత్రం ప్రతిసారీ ఆమెనే అడిగేవాడు. ఇన్నేళ్ళుగా ఆ పిల్ల పేరు ఎత్తే మనిషి లేక మోసుకు తిరిగినదంతా సత్యవేణి అతని ముందు కొంచెం కొంచెంగా దించుకుంది. అతనిలో ఏమైనా చిగురించిందో లేదో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు కూడా. సుభాషిణి వచ్చిన రోజుల్లో ఆమె కూడా మంచానికి అటుపక్క కూర్చుని వినేది.

మార్చిలో అతని మాట పూర్తిగా పోయింది. నది మీద మంచు ఇంకా కదలలేదు. ఒక ఉదయం ఊపిరి అందడం కష్టమైంది. సుభాషిణి దార్లో ఉంది. సత్యవేణి దిండు ఎత్తు చేసి, చెమట తుడిచి, వదిన వచ్చేస్తోందని చెప్పింది. అతను అటు చూడలేదు. చూపు పొయ్యి పక్కనున్న స్టూలు మీదికి వెళ్ళి, ఆమె మీదికి వచ్చి, మళ్ళీ స్టూలు మీదికి వెళ్ళింది.

ఆమె దాన్ని దగ్గరకు లాక్కుని కూర్చుంది. అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తుపాను గాలి దగ్గర మొదలుపెట్టింది.